సిఫారసు లేని జత

పొద్దున్న పదింటికి గుణుపూర్ తహసీలు ఆఫీసు ఎదుర
షట్టరు సగం ఎత్తి కూర్చుంటాను.
దరఖాస్తుకి ముప్పై, ప్రింటుకి పది వేరే.
తెర మీద ఒక పెట్టె తెరుచుకుంటుంది:
జాతి ఎంచుకోండి.
అది నింపితే గానీ కింది పెట్టె కదలదు.
ఎదురు స్టూలు మీది మనిషి
తన పేరు నేను ఒడియాలో ఎలా కొడుతున్నానో
మెడ సాచి చూస్తాడు, చదవడం రాకపోయినా.

రాత్రి పదకొండుకి అదే కుర్చీ, అవే రెండు పెట్టెలు.
ఈసారి మరుగుజ్జులు, ఎల్ఫులు, ఆర్కులు, రాక్షసులు.

పాణిగ్రాహి గారి దీప్తిరంజన్
ఇంట్లో ఉల్లిపాయ ముట్టడు.
ఆర్క్ అయ్యాడు, రెండు చేతులా గొడ్డళ్ళు.
వాణ్ణి ఎవరూ ఏమీ అనలేదు.

ఎలియాజర్ గొమాంగో పుట్టాసింగి కొండ మీంచి ఆడతాడు.
సిగ్నలు దొరికేది ఒక్క బండ మీదే.
వాన పడితే కొట్లాట మధ్యలో వాడి బొమ్మ
గోడకి ముఖం పెట్టి నడుస్తుంటుంది.
"సవరోడివి కదా, విల్లు తీసుకో,
గురి పుట్టుకతోనే ఉంటాది" అన్నాడు బరంపురం నించి ఎవడో.
ఎలియాజర్ కాసేపు మైకు ఆపేశాడు.
తర్వాత రాక్షసుణ్ణి ఎంచుకుని వైద్యుణ్ణి చేశాడు.
కోటగుమ్మమంత ఛాతీ, చేతిలో చిన్న సీసా.
ఎర్రక్షరాల్లో ఆట చెప్పింది:
ఈ జతకి సిఫారసు లేదు.

నేను మరుగుజ్జుని తీసుకున్నాను.
ఎందుకంటే చెప్పలేను. మా నాన్న పొట్టి.
మరుగుజ్జుకి కొలిమి పనిలో
పుట్టుకతోనే పది శాతం అదనమట.
నవ్వొచ్చింది.
ఆ పది శాతం మా నాన్న ముంజేతుల మీద
మచ్చలు మచ్చలుగా ఉంటుంది,
కందిగింజంత కొన్ని, అర్ధరూపాయంత ఒకటి.
"గుంట సదువుకి పోతే తిత్తి ఎవులు ఊదుతారు" అన్న బాబాయి
ఇప్పుడు కరెంటు బ్లోయరు కొనుక్కున్నాడు.

సుత్తి వదిలి మంత్రం పట్టాను.
బుద్ధిలో రెండు కోత, వేళ్ళు పొట్టివని వేగంలో మూడు.
ఎల్ఫు రెండు నిప్పుండలు విసిరేలోపు నాది ఒకటి.
పోనీ. నిప్పు నాకు తెలుసు:
ఎరుపు ఎప్పుడు నారింజవుతుందో,
ఎప్పుడు తెల్లబడి ఇనుము చిటపటా ఏడుస్తుందో.
తెర మీది నిప్పుకి వేడి ఉండదు.
అదీ తెలుసు.

మా ముగ్గురి మాట సగం తెలుగు, సగం ఒడియా.
చచ్చేటప్పుడు మాత్రం ఎవరి భాషలో వాళ్ళు అరుస్తాం.
నిన్న పాడుగనిలో మూడుసార్లు అరిచాం.
నాలుగోసారి దీప్తి పడ్డాడు, నేనూ పడ్డాను,
ఎలియాజర్ పడలేదు.
అంత ఒళ్ళు చావడానికి చాలాసేపు పడుతుంది.
ఆ సేపట్లో వాడు వీపంతా బాణాలతోనే వంగి
మా నోళ్ళలో చుక్క చుక్క పోశాడు.
లేచాం.
గెలిచామని చెప్పను, కరెంటు పోయింది.
చీకట్లో ఫోను వెలిగింది:
రేపు వస్తాను, సర్టిఫికెట్టు కావాలి.

వచ్చాడు. ఇన్నాళ్ళూ గొంతే గానీ మనిషిని చూడలేదు.
సన్నగా, భుజాల దగ్గర చొక్కా జారిపోతూ,
స్టూలు మీద సగమే కూర్చున్నాడు.
మోకాళ్ళ దాకా బురద.
పొంగి ఊళ్ళోకొచ్చిన ఏటిని దాటి వచ్చాడట.
ఆ ఏటి పేరు వంశధార. మొన్న రాత్రి
ఎవరిదని అడక్కుండా రెండు గట్ల అరటితోటలూ పట్టుకుపోయింది.

మొదటి పెట్టె నింపాను. రెండోదీ నింపాను.
"దేనికి అని అడుగుతోంది."
"నర్సింగు" అన్నాడు, గుమ్మం వైపు చూసి.
"మగోడివి నీకదేటి అంటోంది అమ్మ."
నేనేమీ అనలేదు. కొట్టాను, అక్షరం తప్పు పోయింది, మళ్ళీ కొట్టాను.

నలభై రూపాయలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు.
పది వెనక్కి తోశాను, వాడు ఇటు తోశాడు,
అది కీబోర్డు కింద ఇరుక్కుంది.
కాగితం బయటికొచ్చింది,
ఇంకా వెచ్చగానే ఉంది.